తల్లిని చూడవచ్చిన కుమార్తె: డాక్టర్ ఐడా స్కడ్డర్ అమ్మగారి జీవితం

మన కర్నూలు, కడప ప్రాంతాల సంఘాలలో రాయవేలూరు పేరు వినని ఇల్లు ఉండదు. ఊరి డాక్టరు చేతులెత్తేస్తే, పెద్దాసుపత్రిలోనూ గుణం కనబడకపోతే, ఇంటి పెద్దలు ఆఖరుకు చెప్పే మాట రాయవేలూరు తీసుకుపొమ్మనే. కడపలో రైలెక్కి కాట్పాడిలో దిగినవారు, చిత్తూరు మీదుగా బస్సులో పోయినవారు, అక్కడ ఒక అద్దె గదిలో స్టవ్వు మీద గంజి కాచుకుంటూ వారాల తరబడి రోగి దగ్గర కాపు ఉన్నవారు మనలో ఎందరో ఉన్నారు. ఆ ఆసుపత్రి వరండాలలో తమిళంతో పాటు మన తెలుగు కూడా వినబడుతూనే ఉంటుంది.

ఆ ఆసుపత్రిని స్థాపించిన డాక్టర్ ఐడా సోఫియా స్కడ్డర్ అమ్మగారి పేరు చాలామందికి తెలుసు. అయితే యౌవనంలో ఆమె అమెరికా నుండి ఈ దేశానికి వచ్చింది వైద్యం చేయడానికి కాదు, సువార్త పనికీ కాదు. ఇక్కడ మిషను పనిలో ఉండి జబ్బుపడిన కన్నతల్లిని చూసి, కొంతకాలం దగ్గరుండి, తిరిగి వెళ్లిపోవడానికే వచ్చింది. ఆ రాక వెనుక ఒక కుటుంబం పడిన ఎడబాటు ఉంది. శతవార్షిక సంచికలలో మనం సాధారణంగా మిషనెరీలు కట్టిన గుళ్లు, బడులు, ఆసుపత్రులు లెక్కపెడతాం. ఆ పని కోసం తలిదండ్రులు, పిల్లలు ఒకరికొకరు ఎంత దూరమైపోయారో అంతగా తలచుకోం. ఈ చిన్న వ్యాసంలో ఐడా అమ్మగారి జీవితాన్ని ఆ వైపు నుండి చూడాలని నా ఉద్దేశం.

మూడు తరాల సేవ

ఐడా తాతగారు డాక్టర్ జాన్ స్కడ్డర్. ఆయన న్యూయార్కులో పేరున్న వైద్యుడు. ఒకనాడు ఒక రోగిని చూడబోయి, ఆ ఇంట్లో కనబడిన మిషనెరీ కరపత్రం చదివి మనసు మార్చుకున్నారు. 1819లో భార్య హారియట్ అమ్మగారితో ఓడ ఎక్కి సింహళానికి వచ్చారు. అమెరికా నుండి వెలుపలి దేశాలకు వెళ్లిన వైద్య మిషనెరీలలో ఆయనను మొదటివారుగా చెబుతారు. ఆ రోజులలో ఓడ ప్రయాణమంటే నెలల మాట. బయలుదేరినవారు మళ్లీ తలిదండ్రుల ముఖం చూస్తారన్న నమ్మకం లేదు. 1836లో ఆయన మద్రాసుకు వచ్చారు. 1855లో దక్షిణాఫ్రికాలో ప్రభువునందు నిద్రించారు. ఆయన కుమారులలో ఏడుగురు ఈ దేశంలోనే మిషను సేవ చేశారు.

వారిలో కొందరు అన్నదమ్ములు కలిసి 1853లో ఆర్కాటు మిషను స్థాపించారు. అమెరికాలోని రిఫార్మ్‌డ్ సంఘం దానికి ఆధారం. ఈ మిషను పని తమిళ సీమకే పరిమితం కాలేదు. పలమనేరు, మదనపల్లె దాని తెలుగు కేంద్రాలు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు మదనపల్లె మన కడప జిల్లాలోనిదే. కాబట్టి ఆర్కాటు మిషను చరిత్రలో మనకూ పాలు ఉంది. కడపలో 1822 నుండే లండన్ మిషను పని ఉన్నది. ఆ తరువాతి కాలంలో నంద్యాల, ముత్యాలపాడు వైపు ఎస్.పి.జి. వారు, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. మిషనులు వేరైనా వారందరి ఇళ్లలోని కష్టం ఒకటే. అదేమిటో ఐడా బాల్యమే చెబుతుంది.

కరువు చూసిన పసికళ్లు

జాన్ స్కడ్డర్ గారి కుమారులలో ఒకరైన రెండవ జాన్ గారికి, సోఫియా అమ్మగారికి 1870 డిసెంబరు 9న రాణిపేటలో ఐడా పుట్టింది. అయిదుగురు అన్నల తరువాత పుట్టిన ఒకే ఒక ఆడపిల్ల. ఆమెకు ఆరేడేళ్ల ప్రాయంలో మహాకరువు వచ్చింది. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్న 1876-78 నాటి కరువు అదే. ఆ కరువులో మన కర్నూలు జిల్లా చితికిపోయింది. 1871 జనాభా లెక్కలతో పోల్చితే 1881 నాటికి జిల్లాలో నాలుగో వంతు జనం తగ్గిపోయారు. రాయవేలూరు వైపు కూడా ఆకలి చావులు తక్కువ కాదు. మిషను ఇంటి ఆవరణలో చేరిన బిడ్డలకు రొట్టె ముక్కలు పంచే పని చిన్న ఐడాకు అప్పగించారు. చేత పట్టుకుని తినే ఓపిక కూడా లేని పిల్లలను ఆమె ఆ వయసులో చూసింది. ఆ దృశ్యం ఆమె మనసులో భయంగా నాటుకుపోయింది.

కరువు పనిలో తండ్రి ఆరోగ్యం దెబ్బతిన్నది. 1878లో కుటుంబం అమెరికా వెళ్లింది. నెబ్రాస్కా రాష్ట్రంలో పొలం తీసుకుని కాపురం పెట్టారు. చల్లగాలి, విశాలమైన మైదానం, కడుపునిండా తిండి. ఆ పిల్లకు అదే స్వర్గమనిపించింది. కాని తండ్రికి ఆరోగ్యం కుదుటపడగానే ఇండియా పిలుపు మళ్లీ వినబడింది. ఆయన ఒంటరిగా తిరిగి వచ్చారు. కొంతకాలానికి తల్లి కూడా భర్త దగ్గరకు బయలుదేరవలసి వచ్చింది. పదమూడు, పద్నాలుగేళ్ల ఐడాను చికాగోలో పెద్దనాన్న హెన్రీ మార్టిన్ స్కడ్డర్ గారి ఇంట విడిచారు.

తల్లి వెళ్లిన ఆ రాత్రి ఆ పిల్ల తల్లి గదిలోకి పరుగెత్తి, ఖాళీ పడక మీద పడి, తెల్లవార్లూ ఏడ్చిందని ఆమె జీవితం రాసినవారు చెబుతారు. తలిదండ్రులు మంచి పని మీదే వెళ్లారని ఆమెకు తెలుసు. కాని పసి మనసుకు ఆ మాట ఊరట ఇవ్వదు గదా. కొన్నేళ్లకు ఆ పెద్దనాన్న కూడా జపాను దేశానికి మిషను పని మీద వెళ్లిపోయారు. మళ్లీ ఆ పిల్లకు ఇల్లు లేకపోయింది. అప్పుడు మసాచుసెట్స్ రాష్ట్రంలో మూడీ గారు నెలకొల్పిన నార్త్‌ఫీల్డ్ బాలికల పాఠశాలలో చేర్చారు.

ఈ ఎడబాటు స్కడ్డర్ ఇంటికి మాత్రమే వచ్చింది కాదు. ఇక్కడి ఎండలకు, జ్వరాలకు భయపడి, చదువు కోసం కూడా, మిషనెరీలు తమ పిల్లలను స్వదేశంలో బంధువుల దగ్గర విడిచిపెట్టడం ఆనాడు ఆనవాయితీ. ఇక్కడే ఉంచుకున్న పిల్లలలో ఎందరో పసితనంలోనే కన్నుమూశారు. పాత మిషను సమాధుల తోటలలోకి వెళ్లి చూస్తే చిన్న చిన్న సమాధులు కనబడతాయి. మన ఊళ్లలో బడి పెట్టి మన పిల్లలకు అక్షరాలు దిద్దించిన దొరసానులలో కొందరు, తమ సొంత పిల్లలకు ఉత్తరాలలో మాత్రమే తల్లులుగా ఉండగలిగారు. ఈ మాట మనం మరువరాదు.

మూడు తలుపు చప్పుళ్లు

నార్త్‌ఫీల్డులో ఐడా చలాకీ అయిన విద్యార్థిని. స్నేహితులు ఎక్కువ, అల్లరి ఎక్కువ. స్కడ్డర్ ఇంటి బిడ్డ గనుక ఈమె కూడా మిషనెరీ అవుతుందని అందరూ అనుకునేవారు. ఆమెకు మాత్రం ఆ మాట గిట్టేది కాదు. కరువు, మురికి, రోగాలు, అన్నిటికీ మించి తలిదండ్రుల ఎడబాటు - ఇవే ఇండియా అంటే ఆమెకు గుర్తు. అమెరికాలోనే స్థిరపడి సుఖంగా జీవించాలని నిశ్చయించుకుంది.

అంతలో తల్లికి జబ్బుగా ఉందని, వెంటనే రమ్మని తంతి వచ్చింది. 1890లో ఇరవై ఏళ్లు నిండని ఐడా ఓడ ఎక్కింది. అప్పుడు తలిదండ్రులు దక్షిణార్కాటులోని తిండివనంలో ఉన్నారు. ఏళ్ల తరబడి దూరంగా ఉన్న తల్లి పక్కన కూర్చుని సేవ చేసింది. తల్లి చూసుకుంటున్న ఆడపిల్లల బడి బాధ్యత కూడా తాత్కాలికంగా తానే తీసుకుంది. కాని తల్లి కోలుకోగానే తిరిగి వెళ్లాలన్న తలంపు మారలేదు.

ఒక రాత్రి ఆమె గదిలో దీపం దగ్గర కూర్చుని ఉండగా వాకిట్లో అలికిడి అయింది. ఒక బ్రాహ్మణ యువకుడు వచ్చి, తన భార్య ప్రసవం కాక ప్రాణాపాయంలో ఉందని, వచ్చి కాపాడమని వేడుకున్నాడు. తనకు వైద్యం తెలియదని, తన తండ్రి డాక్టరని, ఆయనను పంపుతానని ఐడా చెప్పింది. పరపురుషుడు తన భార్యను చూడరాదని ఆ యువకుడు ఒప్పుకోలేదు. తలవంచుకుని వెళ్లిపోయాడు. కొంతసేపటికి ఒక ముస్లిము వచ్చాడు. అదే కష్టం, అదే వేడికోలు, డాక్టరుగారిని పంపుతానంటే అదే కాదనడం. ఆ తరువాత ఇంకొక హిందువు వచ్చి అదే చెప్పాడు. ముగ్గురూ ఒట్టి చేతులతోనే తిరిగి వెళ్లారు.

ఆ రాత్రి ఐడాకు కునుకు పట్టలేదు. తెల్లవారగానే వీధిలో చావు డప్పు వినబడింది. పనివానిని పంపి విచారిస్తే ముగ్గురు స్త్రీలూ చనిపోయారని తెలిసింది. మందు ఉన్నది, డాక్టరు ఉన్నాడు, ఇల్లు నాలుగడుగుల దూరంలో ఉన్నది. అయినా ఆడ డాక్టరు లేనందున మూడు నిండు ప్రాణాలు పోయాయి. తాను ఎన్నేళ్లుగా తప్పించుకు తిరుగుతున్న పిలుపు ఇదేనని ఆమె గ్రహించింది. గది తలుపు మూసుకుని ఎంతోసేపు ప్రార్థించి, తరువాత వెళ్లి, డాక్టరు చదువు చదివి తిరిగి వస్తానని తలిదండ్రులకు తెలియజేసింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. తలిదండ్రులు ఎంత బోధించినా ఆమె మనసు మారేది కాదేమో. మిషను గురించి ఆమె వినవలసినదంతా చిన్ననాటి నుండి వింటూనే ఉంది. ఆమెను మార్చింది బోధ కాదు, పక్కవీధిలోని మూడు ఇళ్ల దుఃఖం. తల్లి మంచం పక్కన ఉండటానికి వచ్చింది కాబట్టే ఆ చప్పుడు ఆమె చెవిన పడింది.

తిరిగి రాక

ఆమె అమెరికా వెళ్లి 1895లో ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో చేరారు. ఆఖరు ఏడాది చదువుకు కార్నెల్ వైద్య కళాశాలకు మారి 1899లో పట్టం పుచ్చుకున్నారు. స్త్రీలను చేర్చుకున్న ఆ కళాశాల తొలి పట్టభద్రురాండ్రలో ఆమె ఒకరు. రాయవేలూరులో స్త్రీలకు ఒక ఆసుపత్రి కావాలి. దానికి డబ్బు పోగుచేస్తూ ఉండగా షెల్ అనే న్యూయార్కు బ్యాంకరు, చనిపోయిన తన భార్య జ్ఞాపకార్థం ఒక్కరే పదివేల డాలర్లు ఇచ్చారు. ఆ సొమ్ముతో, ఆనీ హాంకాక్ అనే స్నేహితురాలిని వెంటబెట్టుకుని, 1900 తొలినాళ్లలో ఐడా అమ్మగారు ఇండియాకు తిరిగి వచ్చారు.

తండ్రి పక్కన నిలబడి పని నేర్చుకోవాలని ఆమె ఆశ. ఆ ఆశ నెరవేరలేదు. కొద్ది నెలలకే, అదే ఏడు, తండ్రి జాన్ స్కడ్డర్ గారు మరణించారు. అనుభవం లేని యువ డాక్టరమ్మ ఒంటరిగా నిలిచారు. ఆసుపత్రి కట్టడం కాకమునుపు బంగళాలోని ఒక చిన్న గదే వైద్యశాల. మొదట్లో ఎవరూ రాలేదు. ఆడపిల్ల వైద్యమేమిటని జనం సందేహించారు. క్రమంగా ఒకరిద్దరికి గుణం కావడంతో తాకిడి పెరిగింది. రెండేళ్లలో అయిదు వేలమందిని చూశారు. వంటవాని భార్య సలోమి ఆమెకు తొలి సహాయకురాలు. 1902లో నలభై పడకలతో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరిచారు.

ఆ రోజులలో ఆమెకు అండగా ఇంట్లో ఉన్నది తల్లి. భర్త పోయిన తరువాత సోఫియా అమ్మగారు అమెరికాలోని కుమారుల దగ్గరకు వెళ్లి విశ్రాంతి తీసుకోవచ్చు. కాని దాదాపు పాతికేళ్లు, తన చివరి రోజుల వరకు, రాయవేలూరులో కుమార్తె దగ్గరే ఉన్నారు. ఒకప్పుడు తల్లి మిషను పని కోసం కూతురిని విడిచి వచ్చింది. ఇప్పుడు అదే పని ఆ తల్లీకూతుళ్లను ఒక కప్పు కింద చేర్చింది. రాత్రి ఏ వేళకో అలసి వచ్చే కూతురి కోసం ఇంట దీపం పెట్టుకుని ఎదురుచూసే తల్లి ఉండటం ఎంత బలమో, ఆసుపత్రులలో పనిచేసే మన ఆడబిడ్డలకు తెలుసు.

గింజ చెట్టయిన విధం

ఆసుపత్రికి రాలేని పల్లెవారి కోసం ఐడా అమ్మగారే రోడ్డు పట్టారు. మొదట ఎద్దుబండిలో, 1909 నుండి ఒక చిన్న పెజో మోటారు కారులో, గుడియాత్తం రోడ్డు వెంట చెట్ల నీడన ఆగి మందులిచ్చేవారు. ఆ కారు చప్పుడుకు మొదట్లో జనం దయ్యమని పరుగులు తీశారట. తరువాత ఆ చెట్ల కిందనే తెల్లవారకముందు నుండి కాచుకునేవారు. అదే ఏడు నర్సుల శిక్షణ మొదలైంది. పెళ్లికాని ఆడపిల్ల పరాయి రోగులను ముట్టుకోవడమే తప్పనుకున్న కాలంలో మన క్రైస్తవ కుటుంబాలు తమ ఆడబిడ్డలను ఆ పనికి పంపాయి.

తానొక్కరే ఎంతమందిని చూడగలరు? ఈ దేశపు స్త్రీలే డాక్టర్లు కావాలని ఆమె నిశ్చయించుకున్నారు. అనేక మిషనుల సహకారంతో 1918 ఆగస్టులో స్త్రీల వైద్య పాఠశాల తెరిచారు. పెద్ద అధికారులకు ఇది సాగుతుందన్న నమ్మకం లేదు. 1922లో తొలి జట్టు నుండి ఆఖరు పరీక్షకు వెళ్లిన పద్నాలుగు మందీ ఉత్తీర్ణులయ్యారు.  మూడు ఇళ్లలో చావు డప్పు మోగిన రాత్రికి ముప్పై రెండేళ్ల తరువాత దొరికిన జవాబు ఆ పద్నాలుగు మంది.

కష్టాలు అంతటితో తీరలేదు. పాత డిప్లొమా చదువు చాలదని, విశ్వవిద్యాలయ పట్టం ఇచ్చే కళాశాలలే ఉండాలని మద్రాసు ప్రభుత్వం 1930ల చివరలో నిర్ణయించింది. పడకలు పెంచాలి, ఆచార్యులను పెంచాలి, లేదా తలుపులు మూయాలి. డెబ్బై ఏళ్ల వయసులో ఐడా అమ్మగారు యుద్ధకాలంలోనే అమెరికాలో ఊరూరా తిరిగి డబ్బు పోగుచేశారు. 1942లో ఎం.బి.బి.ఎస్. చదువు మొదలైంది. కొన్నాళ్లకు మగపిల్లలకూ ప్రవేశం దొరికింది. ఆమె విరమించిన తరువాత ఆ సంస్థ బాధ్యత వహించిన తొలి భారతీయురాలు డాక్టర్ హిల్డా లాజరస్ గారు. ఆమె మన తెలుగుదేశపు విశాఖపట్టణంలో పుట్టినవారు కావడం మనకు గర్వకారణం. 1960 మే నెలలో, ఎనభై తొమ్మిదవ ఏట, కొడైకెనాల్‌లో ఐడా అమ్మగారు ప్రభువు సన్నిధికి చేరారు.

మనకు చెప్పే మాట

ఆమె గొప్పతనం తలచుకుని, ఆ పిల్లను చికాగోలో విడవడమే మంచిదయిందని మనం అనరాదు. ఫలితం మంచిదైనంత మాత్రాన ఆ రాత్రి కన్నీరు అబద్ధమైపోదు. తలిదండ్రుల ఎడబాటు పిల్లలకు గాయమే. ఐడా దేవుని పిలుపుకు ఇన్నేళ్లు ఎదురు తిరగడానికి ఆ గాయం కూడా ఒక కారణం. అలా విడిచిన పిల్లలందరూ తిరిగి రాలేదు. సేవ పేరు చెప్పి ఇంటివారిని మరచిపోయే బోధకులకూ, సంఘ పెద్దలకూ ఇందులో హెచ్చరిక ఉంది.

ఈనాడు ఈ ఎడబాటు మన ఇళ్లలోకే వచ్చింది. రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరు వైపు ఎందరో తల్లులు బిడ్డలను అవ్వల దగ్గర విడిచి, కువైటు ఇళ్లలో పరాయి బిడ్డలను ఎత్తుకుని పెంచుతున్నారు. వారు వెళ్లింది మిషను పనికి కాదు, అప్పులు తీర్చుకోవడానికీ, పిల్లల చదువులకూ. కాని రాత్రి ఖాళీ పడక చూసుకుని ఏడ్చే పిల్లకు ఆ భేదం తెలియదు. మరికొందరు కుమారులు, కుమార్తెలు అమెరికాలోనో మరో దేశంలోనో ఉన్నారు. పండుగనాడు గుడిలో ఒంటరిగా కూర్చున్న వారి తలిదండ్రులను మనం ప్రతి సంఘంలో చూస్తున్నాం.

స్కడ్డర్ వారి పిల్లను పెద్దనాన్న ఇల్లు, తరువాత ఒక బడి ఆదుకున్నాయి. అలాంటి ఆదరణ మన సంఘం చూపవలసిన సమయం ఇది. తల్లి దూరంలో ఉన్న పిల్లలు ఆదివారపు బడికి వస్తే వారి పక్కన ఒక పెద్ద తల్లి కూర్చోవాలి. బిడ్డలు దూరంలో ఉన్న వృద్ధులకు జబ్బు చేస్తే, రాయవేలూరు రైలుకు టికెట్టు తీసి వెంట వెళ్లే మనిషి సంఘంలో ఉండాలి. వాకిట్లో చప్పుడైనప్పుడు వినే చెవి, లేచి వెళ్లే కాలు మనకు దయచేయమని, ఈ శతవార్షిక సందర్భంలో ప్రభువును వేడుకుందాం. ఆయనకే మహిమ కలుగును గాక. ఆమెన్.